శరణమ్మ ఆమ్దనీ కాగితం

1946వ సంవత్సరం. జహీరాబాద్ సర్కారు కచేరీకి ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన, మూతపడిన ఒక ధాన్యపు గల్లా దుకాణం అరుగు మీద నా బల్ల ఉండేది. బల్ల అంటే మోకాలెత్తు డెస్కు. దాని మీద రెండు సిరాబుడ్లు, అద్దుడు కాగితం, వేలిముద్రలకు నల్ల మెత్త. నేను అర్జీ నవీసును. చదువు రానివాళ్ల తరఫున సర్కారుకు అర్జీలు రాసిపెట్టడం నా పని. సర్కారు నౌకరీ కాదు, జీతం లేదు, లైసెన్సు మాత్రం ఉండేది. కచేరీ కాగితాలన్నీ ఉర్దూలో నడిచే రోజులవి. బీదర్‌లో మెట్రిక్ దాకా చదివినందువల్ల నాకు ఉర్దూతోపాటు ఇంగ్లీషూ వచ్చు. ఊళ్లో ఆ రెండూ రాయగల అర్జీ నవీసులం ఇద్దరమే. రెండో ఆయన పెద్దవాడు, చేయి వణికేది. అందుకని ఇంగ్లీషులో ఉండే మిలటరీ కాగితాలు చాలావరకు నా దగ్గరికే వచ్చేవి.

యుద్ధంలో చనిపోయిన సిపాయి కుటుంబానికి నెలనెలా వచ్చేదాన్ని ఫ్యామిలీ పెన్షన్ అంటారు. ఒకసారి మంజూరైతే ఇక వస్తూనే ఉంటుందని చాలామంది అనుకునేవారు. అలా కాదు. ఏడాదికోసారి డిక్లరేషన్ ఫారం నింపి పంపాలి. అందులో ముఖ్యంగా అడిగేవి మూడు సంగతులు: మనిషి బతికి ఉందా, మళ్లీ పెళ్లి చేసుకుందా, పెన్షన్ కాక వేరే ఆదాయం ఉందా. ఆదాయం ఒక హద్దు దాటితే పెన్షన్ ఆపేస్తారు. మా వైపు జనం దాన్ని ఆమ్దనీ కాగితం అనేవారు. ఉర్దూలో ఆమ్దనీ అంటే రాబడి.

శరణమ్మది న్యాల్‌కల్ అవతల నల్లరేగడి ఊరు. ఆమె మొదటిసారి నా బల్ల దగ్గరికి వచ్చింది 1944లో, చేతిలో ఒక లకోటా పట్టుకొని. భర్త సంగప్ప బొంబాయి రోడ్డు మీద లారీకి క్లీనరుగా చేరి, డ్రైవింగు నేర్చుకొని, అక్కడి నుంచి మిలటరీ లారీల్లోకి పోయాడు. బర్మా వైపు పంపారని మాత్రం ఇంటికి తెలుసు. లకోటాలో ఉన్నది ఆయన మరణ వార్త. చదివాను. ఆమె ఏడవలేదు. వేలితో కాగితం చూపించి అడిగింది.

"ఏ ఊర్ల పోయిండు సాబ్?"

కాగితంలో ఊరి పేరు లేదు. ఇన్ ది ఫీల్డ్ అని ఉంది. యుద్ధభూమిలో అని దాని అర్థం. నాకప్పుడు పాతికేళ్లు, ఇలాంటి వార్త నోటితో చెప్పడం అదే మొదలు. కంగారులో మాటకు మాట తెలుగు చేసి చెప్పాను.

"చేన్ల పోయిండని రాసిన్రు."

"చేన్లకెందుకు పోతడు?" అంది ఆమె అయోమయంగా. "లారీ మీద గద పోయిండు. మాకు చేనెక్కడిది?"

నా తప్పు తెలుసుకొని సరిచేసి చెప్పాను గాని, ఆమెకు ఎంతవరకు ఎక్కిందో తెలియదు. ఆ రోజు నుంచి నన్ను మున్షీ సాబ్ అని పిలిచేది. పెన్షన్ దరఖాస్తు నేనే రాశాను. ఆరేడు నెలలకు మంజూరైంది.

ఆమెకు పిల్లల్లేరు. మరిది బస్సప్ప ఇంట్లో వెనకవైపు చిన్న అర్రలో ఉండేది. మరిదికి భార్య, ముగ్గురు పిల్లలు, నలభై ఎకరాల భూమి. ఆ భూమి అన్నదమ్ముల తండ్రిదే. సంగప్ప లారీలెక్కి తిరుగుతూ దాన్ని పట్టించుకోలేదు. తండ్రి పోయాక అంతా తమ్ముడి పేరు మీదే పట్టా అయింది. శరణమ్మ ఇతరుల చేలల్లో కలుపుకు, జొన్న కోతకు పోయేది. నెలనెలా పెన్షన్ అందుకోగానే కోహీర్ పోయి, అక్కడ చూపు పోయిన తల్లికి దినుసులు కొనిచ్చి, ఒక రోజు ఉండి వచ్చేది. తల్లికి ఈమె తప్ప ఎవరూ లేరు.

మొదటి ఏడాది ఆమ్దనీ కాగితం నింపడానికి పది నిమిషాలు పట్టింది. బతికి ఉంది. పెళ్లి చేసుకోలేదు. ఆదాయం, కూలి తప్ప ఏమీ లేదు. బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించాను. ఆమె వేలు ఫారం మీద ఎంత గట్టిగా అదిమేదంటే కాగితం అవతలి వైపు కూడా మచ్చ తేలేది.

1946లో ఫారంతోపాటు కొత్త షరతు వచ్చింది. ఆదాయం సంగతి మనిషి చెప్తే చాలదు, ఊరి పట్వారీ రాసిచ్చే దాఖలా, అంటే ధ్రువపత్రం, జతచేయాలి. పట్వారీ అంటే ఊళ్లో భూమి లెక్కలు రాసే ఉద్యోగి. శరణమ్మ ఊరికి పోయి, పది రోజులు తిరిగి, దాఖలా పట్టుకొచ్చింది. మడత విప్పి చదివాను. మళ్లీ చదివాను.

"శరణమ్మా, నీకు భూమి ఉన్నదా?"

"భూమా? నాకా?" ఆమె నవ్వింది. "నాకు భూముంటే మందికి కలుపు తీయనెందుకు పోత సాబ్?"

"పన్నెండెకరాలు నీ పేర ఉన్నయని రాసిండు పట్వారి. పట్టా నీదే, సాగు నీదే అంట."

ఆమె నవ్వు ఆగిపోయింది. సర్వే నంబరు కింద గుర్తుగా రాసిన చేని పేరు చదివి వినిపిస్తే అప్పుడు చెప్పింది.

"అది వాగొడ్డు చేను. బస్సప్ప దున్నుతడు. నిరుడు గూడ నేను ఆ చేన్ల కూలికి పోయిన."

నాకు సంగతి అర్థమైంది. యుద్ధం రోజుల నుంచి గల్లాకు కరువు. సర్కారు రైతుల దగ్గర లెవీ అనే పేరుతో, భూమిని బట్టి ఇంత ధాన్యమని వసూలు చేసేది. భూమి పెరిగినకొద్దీ లెవీ బరువు పెరుగుతుంది. దాన్ని తప్పించుకోవడానికి పెద్ద కమతాలవాళ్లు కాగితాల మీద భూమిని ముక్కలు చేసి ఇంట్లో ఆడవాళ్ల పేర్ల మీద, జీతగాళ్ల పేర్ల మీద ఎక్కించుకునేవారు. బస్సప్ప ఆ పన్నెండెకరాలు వదిన పేర ఎక్కించాడు, ఆమెకు ఒక్క మాట చెప్పకుండా. పన్నెండెకరాల రాబడి కట్టి చూస్తే పెన్షన్ హద్దు దాటిపోతుంది.

"నీ మరిదిని తోల్కరా," అన్నాను.

మూడు రోజుల తర్వాత బస్సప్ప వచ్చాడు. నేననుకున్నంత మొరటు మనిషి కాదు. నవ్వుతూ పలకరించి, అరుగు మీద చతికిలబడి, తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కాగితం మీదనే గద మున్షీ సాబ్. కాగితమేమన్న జొన్నలు పండిస్తదా? నేనొక్కణ్ణే చేస్తున్ననా, అందరు చేస్తున్నరు."

"నువ్వు చేసినదానికి ఈమె పెన్షన్ పోతది."

"పోనియ్య. పట్వారి మనోడే. ఏం భూమి లేదని ఇంకో దాఖలా రాయించుకొస్త. రిజిస్టరు తెరిచి ఎవడు జూస్తడు? నువ్వు ఈ కాగితం చింపేయ్, ఆ కాగితం జతచెయ్. అయిపాయె."

ఇక్కడే ఆగి ఒక మాట చెప్పాలి. బస్సప్ప తెస్తానన్న రెండో దాఖలా అబద్ధపు దాఖలా. కాని అందులో ఉండబోయే మాట నిజం. శరణమ్మకు భూమి రాబడి లేదు. ఆ కాగితం జతచేసి ఉంటే ఆమె పెన్షన్ ఆమెకు వచ్చేది, బస్సప్ప జొన్నలు బస్సప్పకు మిగిలేవి. నాకది తోచకపోలేదు. తోచింది. కాని రిజిస్టరులో ఒకటుండగా ఇంకొకటి రాసిన కాగితం నా చేతి మీదుగా పోకూడదనుకున్నాను. లైసెన్సు పోతుందన్న భయం కొంత. నా చేతి రాత కచేరీలో నిక్కచ్చిగా ఉంటుందన్న గర్వం ఎక్కువ.

"అట్ల కుదరదు," అన్నాను. "ఉన్నదున్నట్టు అర్జీ రాస్త. భూమి పేరుకే ఈమెది, పంట తినేది నువ్వని రాస్త."

బస్సప్ప మొహంలో నవ్వు పోయింది. లేచి తలపాగా చుట్టుకున్నాడు.

"పెన్షన్ పోతే పోనీ సాబ్. ఇంట్ల ఉన్నది, బువ్వ తింటున్నది. నేను పెడుతలేనా? అర్జీ గిర్జీ రాసినవంటే మంచిగుండదు." ఆ చివరి మాట నాతో అనలేదు, వదిన వైపు తిరిగి అన్నాడు. వెళ్లిపోయాడు.

శరణమ్మ అక్కడే నిలబడింది. మరిది పోతున్న వైపే చూస్తూ అడిగింది.

"రాస్తే ఏమైతది మున్షీ సాబ్?"

"నిజం రాస్తే ఏమైతది? ఏం గాదు. ఫికర్ జేయకు."

"గట్లనే రాయి మరి. నువ్వు చదువుకున్నోనివి."

ఆ అర్జీ నేను రాసినవాటిలో మంచిదని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఇంగ్లీషులో రెండు పేజీలు, ఎక్కడా కొట్టివేత లేదు. భూమి ఎవరిది, ఎప్పుడు పేరు మారింది, పంట ఎవరింటికి చేరుతుంది, వరుసగా రాశాను. అది పెన్షన్ ఆఫీసుకు. దానికి బలం చేకూరాలని ఉర్దూలో ఒక నకలు రాసి రెవెన్యూవాళ్లకు కూడా అందజేశాను. అలా చేయమని నన్నెవరూ అడగలేదు. శరణమ్మకు చెప్పనూ లేదు. నకలు పంపితే అర్జీకి బరువు వస్తుందని మా వృత్తిలో ఒక నమ్మకం.

ఆ నకలే మొదట పనిచేసింది.

నెల తిరక్కముందే లెవీ మనుషులు ఊళ్లోకి వచ్చారు. ఆ సంగతి శరణమ్మ తర్వాత వచ్చి చెప్పింది. 

"గిర్దావర్ సాబ్, ఇద్దరు జవాన్లు వచ్చిన్రు. శరణమ్మ ఎవరన్నరు. నేనే అన్న. వాగొడ్డు చేను పట్టేదారువి నువ్వే గద, రెండేండ్ల లెవీ ఏదన్నరు. నా అర్రల చూసిన్రు. ఏమున్నది, సోలెడు జొన్నలు. ఇగ బస్సప్ప పాతర తవ్విపిచ్చిన్రు."

గిర్దావర్ అంటే పట్వారీల మీది రెవెన్యూ అధికారి. పాతర అంటే నేలలో గొయ్యి తవ్వి జొన్నలు దాచుకునే చోటు. అందులో దొరికిన జొన్నలు లెవీ కింద బండ్లకెత్తుకుపోయారు. నలుగురి ఎదుట పంచనామా రాశారు. అంటే ఏం దొరికింది, ఎక్కడ దొరికింది అని సాక్షుల ముందు రాసుకునే కాగితం. దాని మీద పట్టేదారుగా శరణమ్మ వేలిముద్ర వేయించుకున్నారు.

"వాళ్లు పోయినంక?" అని అడిగాను.

"బస్సప్ప నా చీరెలు, గిన్నెలు బైటేసిండు. ఊరంత చూస్తుండంగ. నా బువ్వ తిని నా పాతర తవ్విపిచ్చినవన్నడు." నా వైపు చూసి అడిగింది. "నేను తవ్విపిచ్చిన్నా సాబ్?"

 నకలు పంపింది నేనని చెప్పడానికి ఆ రోజు నోరు రాలేదు. ఆ తర్వాత ఒకనాడు చెప్పాను. ఆమె తలాడించింది అంతే.

పెన్షన్ ఆఫీసు జవాబు ఆ తర్వాత వచ్చింది. అర్జీదారు పేరు మీద రికార్డులో భూమి ఉన్నందున ఆ రాబడి ఆమెదిగానే భావించడమైనది, పెన్షన్ నిలిపివేయడమైనది, ఇతరులు అనుభవిస్తున్నట్లయితే ఆమె తగిన కోర్టును ఆశ్రయించవచ్చును. ఐదు లైన్లు. నా రెండు పేజీలకు ఐదు లైన్లు.

లెవీ కట్టాల్సి వచ్చినప్పుడు భూమి ఆమెది. పెన్షన్ ఆపాల్సి వచ్చినప్పుడు భూమి ఆమెది. పంట వచ్చినప్పుడు మాత్రం బస్సప్పది. ఆ మాట నేనంటే శరణమ్మ నా వైపు కొత్తగా చూసింది.

"అయితే అది నాదేనా సాబ్?"

"కాగితం ప్రకారం నీదే."

"నేను దున్నుకోవచ్చా?"

"దున్నుకోవచ్చు. వాడు అడ్డమొస్తే నేను అర్జీ రాస్త."

రెండోసారి కూడా నేను అదే మాట ఇచ్చాను. అర్జీ రాస్తానని.

అప్పటికి ఆమె ఊరి చివర ఒక ముసలామె ఇంటి వసారాలో ఉంటోంది. కోహీర్‌లో తల్లికి దినుసులు కొనిచ్చే దారి లేక, ఆమెను కూడా తెచ్చి అక్కడే పెట్టుకుంది. తొలకరికి ఎద్దులు అరువు అడిగితే ఊళ్లో ఎవరూ ఇవ్వలేదు. బస్సప్పతో ఎవరికి గొడవ కావాలి? మొగుడంపల్లి వైపు నుంచి ఒక దూరపు చుట్టం రెండు రోజులు నాగలి తెచ్చాడు. పన్నెండెకరాల్లో మూడెకరాలు దున్నగలిగారు. ఆమే విత్తనం వేసింది. పెసలు, మధ్యలో కంది సాళ్లు. ఆ వారం సంతకు వచ్చినప్పుడు ఆమె కాళ్లకు నల్లమట్టి ఎండిపోయి పగుళ్లుగా ఉంది. అంతకుముందూ ఆ తర్వాతా ఆమెను అంత హుషారుగా నేను చూడలేదు.

"మొలకలు వచ్చినయి సాబ్. మంచిగ వచ్చినయి. జర ఒక్కసారి వచ్చి చూడరాదు?"

చూడటానికి పోలేదు. పోదామనుకుంటూనే పని మీద పని పడింది.

పెసర పూతకు వచ్చిన రోజుల్లో బస్సప్ప తన మందను ఆ చేలోకి తోలాడు. పట్టపగలు తోలాడు. దాచుకోవాల్సిన అవసరం కూడా అతనికి కనిపించలేదు. శరణమ్మ కర్ర పట్టుకొని అడ్డం పోతే, బస్సప్ప గట్టు మీద నిలబడి, "వదినా, ఎద్దు పొడుస్తది, పక్కకు జరుగు," అన్నాడట. కొట్టలేదు, తిట్టలేదు. మధ్యాహ్నానికి చేను నేలమట్టమైంది. చూసినవాళ్లు ఉన్నారు. సాక్ష్యం చెప్తామన్నవాళ్లు లేరు. నేను ఇచ్చిన మాట ప్రకారం అర్జీ రాశాను. విచారణకు వచ్చిన మనిషికి ఊళ్లోవాళ్లంతా పశువులు తాడు తెంపుకొని పోయాయని చెప్పారు.

అప్పుడు నేను పెన్షన్ సంగతి మళ్లీ తిరగేశాను. లెవీ పంచనామాలో ఒక వాక్యం ఉంది. ధాన్యం బస్సప్ప ఇంటి పాతరలో దొరికినదని రాశారు. పంట అతనింటికి చేరిందనడానికి సర్కారు చేత్తో రాసిన రుజువు అది. దాని నకలు సంపాదించి, ఇంగ్లీషు చేసి, పెన్షన్ ఆఫీసు పైన ఉండే పెద్ద అధికారికి అప్పీలు రాశాను. ఈసారి ఒక్క పేజీ. రెవెన్యూవాళ్లకు నకలు పంపలేదు.

"ఎన్ని దినాలు పడుతది?" అని అడిగింది శరణమ్మ.

"నాలుగైదు నెలలు."

పదకొండు నెలలు పట్టింది.

ఆ మధ్యలో ఆమె రెండుసార్లు వచ్చి జవాబు వచ్చిందా అని అడిగింది. తర్వాత రావడం మానేసింది. కూలి దొరకడం లేదని, బస్సప్పకు భయపడి ఎవరూ పిలవడం లేదని వాళ్ల ఊరివాళ్లెవరో అన్నారు.

ఒక సంత రోజు మధ్యాహ్నం తల్లి చెయ్యి పట్టుకొని నడిపించుకుంటూ నా అరుగు ముందుకు వచ్చింది. చేతులకు కొత్త గాజులున్నాయి. నేను గాజుల వంక చూడటం ఆమె చూసింది.

"మున్షీ సాబ్, ఇగ నా కాగితాలు రాసే పని లేదు నీకు."

"ఎందుకు?"

"మారుమనువు చేసుకున్న."

ఎవరిని అని అడిగాను. ఆమె తల తిప్పి రోడ్డు అవతలికి చూసింది. అక్కడ తాళ్ల దుకాణం ముందు బస్సప్ప పలుపుతాళ్లు బేరమాడుతున్నాడు.

ఆమె కులంలో భర్త పోయిన ఆడది మరిదిని చేసుకోవడం కొత్త కాదు, తప్పూ కాదు. బస్సప్ప లెక్క వేరు. కాగితం మీద పన్నెండెకరాలు ఆమె పేర ఉన్నాయి. ఆమె ఎవరికైనా అమ్మితే? వేరే ఎవరినైనా చేసుకుంటే? భార్య అయితే ఆ బెంగ ఉండదు. ఆమెను మళ్లీ ఇంట్లోకి పిలవడానికి అతనికి వేరే కారణం అక్కర్లేదు.

"అవ్వకు రెండు పూటల బువ్వ పెడుతనన్నడు," అంది శరణమ్మ. "పెడుతున్నడు. అబద్ధమెందుకు చెప్పాలె." తల్లి చేత్తో నా డెస్కు అంచు తడుముతూ నిలబడింది. "ఆయన పెండ్లాం నాతో మాట్లాడది. పాపం, ఆమె మాత్రం ఏం జేస్తది."

ఆ తర్వాత రెండు నెలలకు ఆర్డరు వచ్చింది.

లకోటా నా పేరు మీదే వచ్చింది, చిరునామా నేనే ఇచ్చాను కాబట్టి. అప్పీలు అంగీకరించారు. భూమి రాబడి ఆమెకు చేరడం లేదని నమ్మారు. ఆపిన నాటి నుంచి బకాయితో సహా పెన్షన్ పునరుద్ధరించారు. కింద ఒక షరతు. ఈ ఏడాది డిక్లరేషన్ నింపి, ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదని పట్వారీ దాఖలాతో పంపవలెను.

అప్పటి నా పాతికేళ్ల పైచిలుకు జీవితంలో నేను గెలిచిన అతిపెద్ద అప్పీలు అది. కాగితం డెస్కులో పెట్టి మూత వేశాను. పక్కన చెరుకు బండివాళ్లు ఏదో అడిగితే వినిపించుకోలేదు.

కబురు పంపక తప్పలేదు. ఇద్దరూ కలిసి వచ్చారు. కబురు తెచ్చినవాళ్ల వల్ల బస్సప్పకు సంగతి ముందే తెలిసినట్టుంది. ముందు అతనే మాట్లాడాడు.

"శాన మంచి పని చేసినవ్ మున్షీ సాబ్. నువ్వు మామూలోనివి కాదు. ఇగ కాగితం నింపు. మారుమనువు కాలేదని రాయి. పట్వారి దాఖలా నేను తెస్త."

నేను శరణమ్మ వైపు చూశాను. చెప్పాలంటే, ఆ రోజు నేను అబద్ధం రాయడానికి సిద్ధంగా ఉన్నాను. మొదటిసారి రాయనందుకు ఆమె ఎక్కడికి చేరిందో చూశాను. లైసెన్సు పోతే పోతుంది. ఫారం తీసి, మొదటి గడులు నింపి, ఆ ప్రశ్న దగ్గర కలం ఆపాను.

"ఏం రాయమంటవమ్మా?"

బస్సప్ప అడ్డం వచ్చాడు. "దాన్ని అడిగేదేముంది సాబ్? రాయి."

"నన్నే అడిగిండు," అంది శరణమ్మ. గొంతు పెంచలేదు. "ఇంట్ల నీ పెండ్లాన్ని, కాగితంల సంగప్ప పెండ్లాన్నా? రెండు దిక్కుల తింటవా?"

"నోర్ముయ్. శాన పైసలవి."

"సంగప్ప పైసలు. లారీ కింద పడి సచ్చిండో, కాలి సచ్చిండో నాకు తెల్వది. ఆని పైసలు నీ చేతుల పెట్టాల్నా నేను?" నా వైపు తిరిగింది. "రాయి మున్షీ సాబ్. పెండ్లి చేసుకున్నదని రాయి. ఎవర్నని అడిగితే ఈని పేరు రాయి."

"శరణమ్మా, జర ఆలోచించు," అన్నాను. "మీ అవ్వ కోసమైన..."

"పైసలు వచ్చిన దినం ఎవరి జేబుల పడుతయి? నా అవ్వకొక చీరె వస్తదా? నువ్వే చెప్పు."

ఆమె అన్నది నిజమే. పెన్షన్ ఆమె పేరునే వస్తుంది. తీసుకునేటప్పుడు పక్కన నిలబడేది భర్త.

అవునని రాశాను. ఎవరితో అన్నచోట బస్సప్ప పేరు రాశాను. ఆమె అడగకుండానే చేయి చాపింది. బొటనవేలికి సిరా రాశాను. ఎప్పటిలాగే గట్టిగా అదిమింది. బస్సప్ప ఆ ఫారం లాక్కోవడానికి చేయి పెట్టాడు. నేను అడ్డం పెట్టుకున్నాను. కచేరీ ముందు నలుగురు చూస్తుండటంతో ఊరుకున్నాడు. తలపాగా దులిపి, ఆమె కోసం ఆగకుండా రోడ్డెక్కాడు. ఆమె వేలి సిరా గోడకు తుడుచుకొని, కొంగు తల మీదికి లాక్కొని, అతనికి పది అడుగుల వెనక నడిచిపోయింది. ఆ ఇంట్లో ఆ రోజు ఏమైందో నాకు తెలియదు. అడిగే హక్కు నాకుందనుకోలేదు. ఆ తర్వాత సంతలో రెండు మూడుసార్లు కనిపించింది. తల్లి పోయిందని ఒకసారి చెప్పింది. కాగితాల ఊసు ఇద్దరం ఎత్తలేదు.

కొత్త సర్కారు వచ్చాక, కచేరీ భాష మారాక కూడా నేను ముప్పై ఏళ్ల దాకా అదే పని చేశాను. పెన్షన్ కాగితాలు వందలు రాసి ఉంటాను. శరణమ్మ కేసు నాకు నేర్పింది పెద్ద సంగతేమీ కాదు. నేను రాసిన ప్రతి మాటా నిజమే. కాని ఆ నిజాన్ని నేను బల్ల మీద రాసి పక్కకు జరిగాను, దాన్ని వెంటబెట్టుకొని ఆమె పోవాల్సిన ఇల్లు ఎవరిదో ఆలోచించలేదు. అందుకని తర్వాత ఎవరు వచ్చినా, కలం తీయకముందు ఒకటి అడిగేవాణ్ణి: "ఎవరింట్ల ఉంటున్నవమ్మా?" ఈ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదని నవ్వినవాళ్లున్నారు. జవాబు విని కొన్ని అర్జీలు రాయడమే మానేశాను. కొన్ని పేర్లు తీసేసి రాశాను. రెండు మూడుసార్లు తెలిసి తెలిసి అబద్ధం కూడా రాశాను. ఎవరూ పట్టుకోలేదు, నా లైసెన్సూ పోలేదు. శరణమ్మకు మాత్రం ఒక్క అబద్ధం రాసివ్వలేకపోయాను. రాయాల్సిన రోజున నాకు తెలివి లేదు. తెలివి వచ్చిన రోజున ఆమె వద్దంది.